కన్ను లేని వల

మనుషులను నమ్మడం గాలయ్యకు పెద్దగా చేతకాదు. వలను మాత్రం కళ్ళు మూసుకుని నమ్ముతాడు. తాత అల్లిన వల గానీ, తండ్రి అల్లిన వల గానీ, మీసాలు రాకముందు నుంచి తాను అల్లుతున్న వల గానీ ఏనాడూ ఆయన్ను మోసం చేయలేదు. కన్ను చిన్నదైతే చేప ఆగుతుంది, పెద్దదైతే జారిపోతుంది. లోకంలో తెలుసుకోవాల్సిన సంగతి ఇంతకు మించి లేదన్నట్టే ఇన్నేళ్ళూ బతికాడు. జుట్టు తెల్లబడ్డాక మెదక్‌లో ఒక వెల్డింగు షాపు ముందు నిలబడి నోరు వెళ్ళబెట్టాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

మెదక్ దాటి రామాయంపేట రోడ్డు ఎక్కేచోట ఆయనకొక చేపపిల్లల కేంద్రం ఉంది. కేంద్రం అనేది బోర్డు మీది మాట. నిజానికి ఉన్నవి రెండు సిమెంటు తొట్లు, ఒక గుండ్రటి గుడ్ల తొట్టి, దిమ్మె మీద ఒక నల్ల ట్యాంకు, పక్కన కుంట, అందులో ఒక మోటరు. పెద్ద తొట్టిలో తల్లి చేపలుంటాయి. వాటన్నిటిలోకీ పెద్దది ఒక రవ్వ చేప. వేలెడంత ఉన్నప్పటి నుంచి గాలయ్య దాన్ని సాకాడు. నీళ్ళ మీద వేళ్ళతో తట్టి పిలిస్తే వస్తుంది. ఆయన భార్య బాలలక్ష్మి దాన్ని సవతి అని పిలుస్తుంది. ఇంట్లో కూర ఉడికిందో లేదో అడగని మనిషి ఆ చేపకు తవుడు పెట్టడం ఒక్క పూట కూడా మరిచిపోడని ఆమె ఉక్రోషం.

వానలు మొదలుకాగానే ఒక సాయంత్రం తల్లులకు సూదిమందు వేస్తారు. తెల్లవారేసరికి అవి గుడ్లు పెడతాయి. ఆ గుడ్లను గుండ్రటి తొట్టిలోకి దించుతారు. అందులో నీళ్ళు మెల్లగా తిరుగుతూనే ఉండాలి, లేకపోతే గుడ్లు అడుగుకు చేరి ఊపిరాడక పోతాయి. పొద్దుగూకేలోగా గుడ్లు పగిలి పిల్లలు బయటపడతాయి. మూడో రోజు దాకా నిలిచాయంటే ఇక వాటికి భయం లేదు, రైతుల కుంటలకు పంపేయవచ్చు. గాలయ్యకు రెండేళ్ళుగా దక్కకుండా పోతున్నది ఆ మూడో రోజే.

బోరు ఎండిపోయిన ఏడు నుంచి మొదలైంది ఈ పీడ. అప్పటి నుంచి కుంట నీళ్ళే దిక్కయ్యాయి. ఊరికే వదలలేదాయన. బాలలక్ష్మి పాత నూలు చీరను నాలుగు మడతలు వేసి పైపు మూతికి కట్టి మరీ వదిలాడు. అయినా గుడ్లు పగలడం, పిల్లలు తొట్టి నిండా మిలమిలా ఈదడం, మూడో రోజు పొద్దున చూసేసరికి అడుగున తెల్లటి పోగుల్లా పడి ఉండడం. ఎండలన్నారు, మందు తేడా అన్నారు, దిష్టి అన్నారు. బాలలక్ష్మి తొట్టికి నిమ్మకాయలు కూడా కట్టింది. పిల్లలు మాత్రం బతకలేదు.

రామాయంపేటలో చేపలు అమ్మే పరశురాం ఒకరోజు వచ్చి తల్లుల తొట్టిలోకి తొంగి చూసి, "పిల్లలే నిలుస్తలేవు, ఇంత పెద్ద చేపల్ని ఎన్నొద్దులు మేపుతవన్నా, నాకియ్యి" అన్నాడు. బాలలక్ష్మే తెగించి, "ఈ ఒక్క కారు చూస్తం. ఈసారి గూడ పిల్లలు పోతే తీస్కపో" అంది. మొగుడు ప్రతిసారీ మూడో రోజు ఆ తొట్టి గట్టు మీద కూలబడడం ఆమె ఇక చూడలేకపోయింది. పిల్లలు పుట్టిన మూడో రోజు డ్రమ్ములు వేసుకుని తానే వస్తానని చెప్పి పరశురాం వెళ్ళిపోయాడు. ఆ పూట గాలయ్య అన్నం ముట్టలేదు.

అలాంటి పరిస్థితిలో ఆయన చీర మడతను గట్టిగా బిగించడానికి ఇనుప క్లిప్పు ఒకటి కావాలని చర్చి దారిలో ఉన్న జయానందం షాపుకు వెళ్ళాడు. జయానందం డ్రిప్పు పైపులకు ఫిల్టర్లు కట్టి అమ్ముతాడు. ఆరోజు ఆయన లేడు. కూతురు నిస్సి ఉంది. పాతికేళ్ళ పిల్ల, చేతులకు గ్రీజు, మెడలో సన్న గొలుసుకు చిన్న సిలువ. క్లిప్పు ఎందుకని అడిగింది. గాలయ్య సంచిలోంచి చీర మడత తీసి చూపించాడు, కథంతా చెప్పాడు. ఎవరికీ అంత చెప్పడు. ఎందుకో చెప్పాడు.

"బట్ట తడిస్తే దారాలు జరుగుతయి కాకా" అంది నిస్సి. "వెనుక నుంచి నీళ్ళు నూకితే సందు సాగుతది. నాలుగు మడతలేసినా గంతే. మీకు జరగని నేత గావాలె."

లోపలికి వెళ్ళి మూడు ఇనుప జాలి ముక్కలు తెచ్చి బల్ల మీద పరిచింది. తుప్పు పట్టని తీగతో నేసినవి. మొదటిది మామూలు నేత. ఒక తీగ పైకి, ఒకటి కిందికి, దోమల జాలిలా చదరపు కన్నులు. గాలయ్య అలవాటుగా వేలు ఆనించి చూసి తలూపాడు. రెండోది రెండేసి తీగలను దాటుకుంటూ నేసింది. లావు తీగను దగ్గరగా నెయ్యాలంటే ఇలా నేస్తారట. దాని మీద ఏటవాలు చారలు కనిపించాయి. దానికీ తలూపాడు. మూడోది చేతిలోకి తీసుకుని వెలుతురుకు ఎదురుగా పట్టుకున్నాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. చుక్కంత వెలుతురు కూడా రాలేదు. రేకును పట్టుకున్నట్టే ఉంది.

"దీనికి కన్నే లేదు గద బిడ్డా. నీళ్ళెట్ల పోతయి?"

నిస్సి నవ్వింది. ముక్కను దోసిలిలా వంచి, చెంబుతో నీళ్ళు పోసింది. నీళ్ళు ఒక్క క్షణం నిలిచి, ఆ వెంటనే కింద నుంచి ధారగా దిగిపోయాయి. గాలయ్య చెంబు లాక్కుని తానే పోశాడు. మళ్ళీ పోశాడు. షాపు ముందంతా తడిసిపోయింది. కన్ను లేకుండా నీళ్ళు ఎక్కడి నుంచి వెళ్తున్నాయో ఆయనకు అంతుపట్టలేదు. అరవై ఏళ్ళ జ్ఞానం కాళ్ళ కింద బురదగా పారుతుంటే అలాగే నిలబడిపోయాడు.

"గీ భూతద్దంల చూడుండ్రి" అని నిస్సి అద్దం అందించింది.

చూశాడు. లావు తీగలు పడుగులా నిలువునా, ఎడం ఎడంగా ఉన్నాయి. వాటి మీదుగా, కిందుగా సన్న తీగలు పేకలా అడ్డంగా వెళ్తున్నాయి. ఆ సన్న తీగలు ఏడుపాయల జాతరలో వరుసకట్టిన జనంలా ఒకదాన్నొకటి ఆనుకుని, మధ్యలో వెంట్రుక దూరే సందు కూడా లేకుండా నిలబడ్డాయి. అయితే అద్దాన్ని కొంచెం వాల్చేసరికి, సన్న తీగ లావు తీగను దాటేచోట పక్కవాటుగా ఒక చిన్న ముక్కోణపు దారి మెరిసింది. దాని పక్కన ఇంకొకటి. ఆ పక్కన వరుసగా వందలు. ముక్క మొత్తం దారులే. ఒక్కటి కూడా నేరుగా లేదు.

"డచ్ నేత అంటరు దీన్ని" అంది నిస్సి. "తూప్రాన్ దిక్కు ఒక కంపెనీకి ఫిల్టర్లు కట్టినప్పుడు మిగిలింది. నీళ్ళకు నేరుగ తొవ్వ అక్కర లేదు కాకా. పక్క నుంచి తిరిగి పోతయి. నలుసుకు తిరగరాదు, ఆన్నే ఆగిపోతది."

జీవితమంతా వల అల్లిన గాలయ్యకు, ఇంత సన్నటి పని మనిషి చేతుల్లోంచి వచ్చిందంటే దండం పెట్టాలనిపించింది. దండం పెట్టడానికి అక్కడ ఎవరూ లేకపోవడంతో అద్దాన్ని తుడిచి జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు.

నిస్సి ఆ జాలిని గొట్టంలా చుట్టి, ఒక చివర మూసి, చేపల కేంద్రానికి తానే వచ్చి ట్యాంకు నుంచి దిగే పైపులో బిగించి ఇచ్చింది. గొట్టం బయటి నుంచి నీళ్ళు లోపలికి వడగట్టుకుని తొట్టిలోకి పోతాయి. కాసేపు పారనిచ్చి, గొట్టాన్ని బయటికి తీసి, దాని మీద పేరుకున్న జిగురును ఒక గాజు గ్లాసులోకి కడిగింది. చూడ్డానికి మురికి నీళ్ళు. "ఎండకు పట్టుండ్రి" అంది.

మురికి కాదది. గ్లాసు నిండా తెల్లటి నలుసులు. ఊరికే తేలడం లేదు, ఎగురుతున్నాయి, ఒక్కో దూకు వేస్తూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. ఈ తెల్ల చుక్కలు గాలయ్యకు కొత్త కాదు. నిరుడూ ముందటేడూ చచ్చిన పిల్లల ఒంటి మీద అతుక్కుని కనిపించినవి ఇవే. బూజు అనుకున్నాడు. చచ్చాక పట్టింది అనుకున్నాడు.

"ఇవి బతికున్నయి" అన్నాడు మెల్లగా. "ఇవే పట్టుకొని తిన్నయి. నేనే పైపు పెట్టి మరీ పిల్లల మీదికి తోలిన."

బాలలక్ష్మి గ్లాసు అందుకుని చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వడగట్టడానికి చీర ఇచ్చింది ఆమే మరి. కుంటలో ఇంత సైన్యం ఉందన్న సంగతీ, దాన్ని మొత్తం ఈ కన్ను లేని రేకు ఆపిందన్న సంగతీ ఒక్కసారే మింగుడు పడేవి కావు.

మబ్బు పట్టిన ఒక సాయంత్రం సూదిమందు వేశారు. తెల్లవారేసరికి పెద్ద రవ్వ చేప పొట్ట ఖాళీ చేసింది. సగ్గుబియ్యంలా ఉబ్బిన గుడ్లు గుండ్రటి తొట్టిలో మెల్లగా తిరగడం మొదలుపెట్టాయి. గాలయ్యకు కాళ్ళు నేల మీద నిలవలేదు. అంతలో నీళ్ళ జోరు కొంచెం తగ్గింది. రాత్రి వానకు కుంటలోకి బురద దిగింది, జాలి మీద జిగురు పేరుకుంది. ఇలా అవుతుందని నిస్సి ముందే చెప్పింది. గొట్టాన్ని వెనక్కి తిప్పి లోపలి నుంచి నీళ్ళు వదిలితే జిగురు దానంతటదే ఊడిపోతుందని చేసి చూపించింది కూడా.

కానీ ఆయన చేతులు గంగపుత్రుడి చేతులు. వలకు పాచి పడితే ఏం చేస్తారు? గట్టు మీద రాయికేసి దులుపుతారు. తండ్రి దులిపాడు, తాత దులిపాడు. గాలయ్య గొట్టాన్ని తీశాడు, దాని మీది తెల్ల నలుసులను చూశాడు. తన పిల్లలను తిన్నవాటి మీద కోపమూ తోడైంది. పక్కనున్న బండకేసి ఫెడీఫెడీమని కొట్టాడు. జిగురంతా ఊడిపోయింది. మళ్ళీ బిగించేసరికి నీళ్ళు జోరుగా దిగాయి. చూశావా, దెబ్బకు దారికొచ్చింది అన్నట్టు బాలలక్ష్మి వైపు చూసి మీసం సవరించుకున్నాడు.

మధ్యాహ్నం దాటాక గుడ్లు చూడ్డానికని నిస్సి వచ్చింది. తొట్టిలోకి ఇంకా చూడనే లేదు, నీళ్ళ చప్పుడు విని ఆగిపోయింది.

"కాకా, మొదటిరోజు కన్న గూడ ఎక్కువ వస్తున్నయి. ఏం చేసిండ్రు?"

"దులిపిన."

"దేనికి?"

గాలయ్య బండ వైపు చూపించాడు. నిస్సి మొహంలో రంగు మారింది.

"తీగలు జరిగినయి కావొచ్చు కాకా. ఏడనో సందు తెర్చుకుంది. గా పురుగులు మల్ల లోపలికి పోతున్నయి."

వెంటనే వాల్వు కట్టేశారు. నీళ్ళు ఆగితే గుడ్లు అడుగుకు దిగుతాయి. ఎవరూ చెప్పకుండానే బాలలక్ష్మి చీర కుచ్చిళ్ళు ఎగదోపి తొట్టి గట్టు మీద కూర్చుని చెయ్యి నీళ్ళలో పెట్టింది. గుడ్లకు తగలకుండా, నీళ్ళు మాత్రం తిరిగేలా, పసిపిల్లకు ఉయ్యాల ఊపినట్టు కలపసాగింది. "జల్ది కానియ్యుండ్రి, నా చెయ్యి ఎంతసేపని తిరుగుతది" అంది గానీ ఆపలేదు.

గొట్టం మీద ఒకచోట సొట్ట ఉంది. అయితే తెరుచుకున్నది అక్కడేనా, ఇంకెక్కడైనా ఉందా? భూతద్దంతో గొట్టమంతా వెతకాలంటే పొద్దుగూకుతుంది. ఆలోగా పిల్లలు పుడతాయి. గాలయ్య తలపట్టుకున్నాడు. నిస్సి బట్టల తొట్టి నిండా నీళ్ళు తెమ్మంది. గొట్టాన్ని అందులో అడ్డంగా ముంచింది. తెరిచిన మూతికి రబ్బరు పైపు తగిలించి, రెండో కొస గాలయ్యకు ఇచ్చింది.

"మెల్లగ ఊదుండ్రి. చూసుకుంట ఊదుండ్రి."

ఊదాడు. లోపలున్న నీళ్ళు జాలిలోంచి బయటికి పోయాయి. తరువాత పోవాల్సింది గాలి. పోలేదు. ఆయన బుగ్గలు ఉబ్బాయి, గాలి వెనక్కి నెట్టింది, జాలి ఒక్క బుడగ కూడా వదల్లేదు. చెంబుడు నీళ్ళను క్షణంలో దించేసిన జాలి, తడిగా ఉన్నంతసేపూ గాలిని గోడలా ఆపింది. గాలయ్య పైపు నోట్లో ఉండగానే కళ్ళు పెద్దవి చేశాడు.

"ఇంకొంచెం గట్టిగ."

ఇంకొంచెం ఊదాడు. సొట్ట దగ్గర కాదు, దానికి జానెడు అవతల, ఏమీ కానట్టు నున్నగా కనిపిస్తున్నచోట ఆవగింజంత బుడగ పుట్టింది. దాని వెనక ఇంకొకటి. చిన్న గొలుసులా వరుసగా పైకి లేచాయి. మిగతా గొట్టమంతా నిశ్శబ్దంగా ఉంది. చెడిన చోటును జాలి తనంతట తానే చూపించింది. తాను బండకేసి బాదిన వస్తువే దెబ్బ ఎక్కడ తగిలిందో ఇలా మెత్తగా చెబుతుంటే గాలయ్యకు సిగ్గుతో తలొంచుకోవాలనిపించింది, అంతకంటే ఎక్కువగా ఇంకొకసారి చూడాలనిపించింది.

"సొట్ట దగ్గరనే అనుకున్న నేను గూడ" అంది నిస్సి.

పాత సైకిలు ట్యూబు ముక్క కోసి ఆ చోటు మీద పట్టీలా చుట్టారు. బిగించడానికి తీగ తీసుకుంది నిస్సి. గాలయ్య వద్దని వారించి, తన వల దారం తెచ్చాడు. వల అంచుకు వేసే ముడి వేశాడు. తడిసే కొద్దీ బిగిసే ముడి అది. మళ్ళీ బట్టల తొట్టిలో ముంచి ఊదితే ఈసారి ఎక్కడా బుడగ లేదు. వాల్వు తిప్పారు. నీళ్ళు మొదటిరోజులా మెల్లగా, ఒద్దికగా దిగాయి. బాలలక్ష్మి ముడతలు పడ్డ చెయ్యి నీళ్ళలోంచి తీసింది.

"లోపలికి పోయినయి సంగతేంది?" అని అడిగింది ఆమె.

నిస్సి అబద్ధం చెప్పలేదు. "పోయినయి పోయినయి పెద్దమ్మా. అవెన్నో, ఏం చేస్తయో దేవునికే ఎరుక."

పొద్దుగూకే వేళకు గుడ్లు పగిలాయి. చూస్తుండగానే తొట్టి అంతా సన్నగా కదిలింది. గాలయ్య సంబరపడలేదు. నిరుడు కూడా ఇలాగే పగిలాయి. ఆ రెండు రోజులూ ఆయన తొట్టి దగ్గర్నుంచి కదల్లేదు. జాలిని నిస్సి చెప్పినట్టే వెనక్కి తిప్పి కడిగాడు. కడిగిన ప్రతిసారీ భయంభయంగా, పురిటి బిడ్డకు నీళ్ళు పోసినంత మెత్తగా పట్టుకున్నాడు. అడుగున ఏదైనా తెల్లగా కనిపిస్తే గబుక్కున వంగేవాడు. చూస్తే గుడ్డు పెంకు.

మూడో రోజు పొద్దున ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. పరశురాం రెండు నీలం డ్రమ్ములు దించుకుని, లుంగీ ఎగగట్టి నేరుగా తల్లుల తొట్టి దగ్గరికి నడిచాడు. పందెం కాసినవాడిలా లేడు, అయిపోయిన పని ముగించడానికి వచ్చినవాడిలా ఉన్నాడు. గాలయ్య లేచి అడ్డం వచ్చాడు. చేతిలో తెల్ల పింగాణీ పళ్ళెం, అందులో తొట్టి నీళ్ళు.

"చూడు."

పరశురాం చూశాడు. "ఏముందన్నా, నీళ్ళే గద."

"జర నీడకు రా. నిలకడగ చూడు."

నీడలోకి వెళ్ళి వంగి చూశాడు. మొదట ఏమీ లేదు. తరువాత పళ్ళెం అడుగున తెలుపు వణికినట్టు అనిపించింది. ఇంకాసేపటికి నల్లటి చుక్కలు కనిపించాయి, రెండు రెండుగా, జంటలుగా. అవి కళ్ళని, ఒక్కో జంట వెనక గాజు పోగులాంటి ఒళ్ళు ఉందని తెలిసేసరికి పళ్ళెం నిండా చేపలే. గాలయ్య పళ్ళేన్ని కొంచెం వంచాడు. నీళ్ళు ఒక వైపుకు జారాయి. చేపలు జారలేదు. అన్నీ ఒక్కసారిగా తిరిగి, వాలుకు ఎదురు ఈదాయి.

పరశురాం నేల మీద చతికిలబడ్డాడు. చిన్నప్పటి నుంచి చేపలను తూచి, కోసి, పొలుసు గీకి అమ్మినవాడు. ఇంత దగ్గరగా వాటి మొదలు ఏనాడూ చూడలేదు.

"చేప గింత సన్నగ మొదలైతదా అన్నా" అన్నాడు గొంతు తగ్గించి.

"నేను గూడ ఇప్పుడే చూస్తున్న" అన్నాడు గాలయ్య. ఏళ్ళ తరబడి పిల్లలు తీసిన మనిషి అన్న మాట అది, అబద్ధం కాదు.

"తొట్టి నిండ గిట్లనే ఉన్నయా?"

"కొన్ని పోయినయి. మిగిలినయన్ని బతికే ఉన్నయి. మూడో దినం ఇది."

పరశురాం లేచి, తల్లుల తొట్టి వైపు వెళ్ళకుండా, డ్రమ్ములను చప్పుడు కాకుండా ట్రాలీలోకి ఎక్కించుకున్నాడు. పోతూ పోతూ ఇంకోసారి పళ్ళెంలోకి తొంగి చూశాడు. బాలలక్ష్మి గడప మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తూ, ఏడుపు మధ్యలోనే ఆటోకు దారివ్వమని మొగుణ్ణి కసురుకుంది.

ఆటో మలుపు తిరిగాక గాలయ్య పళ్ళెంలోని పిల్లలను వాటి తొట్టిలోకి వదిలాడు. ఒకటైనా పళ్ళేనికి అంటుకుందేమోనని రెండుసార్లు కడిగి చూసుకున్నాడు. తరువాత తవుడు ముద్ద చేసుకుని తల్లుల తొట్టి గట్టు మీద కూర్చున్నాడు. పరశురాంకు మాట ఇచ్చిన నాటి నుంచి ఆయన ఆ రవ్వ చేపను పిలవలేదు. అమ్మేయబోయే దాన్ని ఏ మొహం పెట్టుకుని పిలుస్తాడు? తవుడు దూరం నుంచి విసిరేసి, తల తిప్పుకుని వచ్చేసేవాడు. ఇప్పుడు కూడా చెయ్యి నీళ్ళ దాకా వెళ్ళి, తాకకుండా ఆగింది. రాదేమోనని భయం వేసింది.

"నీ పిల్లలు బతికినయే" అన్నాడు, వినపడీ వినపడకుండా.

నీళ్ళ మీద వేళ్ళతో తట్టాడు. అది వచ్చింది.